వ్యాన్‌లోకి నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో దొరకడం లేదు

కావలి బట్టల వ్యాపారి: పొద్దున ఏడింటి నుంచి దీంతోనే ఉన్నాను. డ్రైవర్ సీటు వెనక రెండు చెంబుల నీళ్లు ఎత్తిపోశాను. ముందు అద్దం చుట్టూ ఒక ట్యూబు సిలికాన్ మొత్తం పెట్టినా రాత్రి వానకి మళ్లీ అంతే. దుప్పట్ల మూట అడుగు తడిసి రంగు దిగిపోయింది. అక్టోబరు వచ్చేసింది, ఇక మనకి అసలు వానలు ఇప్పుడే కదా. ఒకటే టెన్షన్. ఎవరైనా దారి చెప్పండి.

ఒంగోలు: ఏ బండి? ఏ సంవత్సరం?

కావలి బట్టల వ్యాపారి: మారుతీ ఓమ్నీ అన్నా, 2006. వ్యాన్ అంటే అదే కదా.

నెల్లూరు టింకరింగ్ పని: సిలికాన్ ఎందుకు పెట్టావు తమ్ముడూ? ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టిందా? అయితే అందులోంచి ఆమ్లం వస్తుంది. పెయింట్ లేచిన రేకు మీద పడితే లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది, పైన రంగు వేసినా నిలవదు. బ్లేడుతో గీకెయ్యి. ఎం-సీల్ జోలికి కూడా పోవద్దు. రాయిలా గట్టిపడుతుంది, బండి గుంతలో పడి బాడీ కదిలితే పగులుతుంది. షాపులో పీయూ, అంటే పాలీయురేథేన్ సీలెంట్ అడుగు. ఆరినా రబ్బరులా సాగుతుంది, మీద రంగూ వేసుకోవచ్చు.

కొత్తపట్నం: ముందు ఫ్లోర్ సంగతి చూడండి. మాది ఉప్పుగాలి ఊరు. మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది, పైకి పెయింట్ బాగానే కనిపించినా కింద రేకు తుప్పే. వారానికోసారి మంచినీళ్లతో అడుగుభాగం కడగనివాళ్లకి ఏ సీలెంటూ పనిచేయదు.

కందుకూరు: తడి కనిపించిన చోటే కన్నం ఉండదు అబ్బయా. తలుపుల మీద చూరు చూడు. రెండు రేకులు కలిసే చోట పాత సీలెంట్ ఎండి బీటలు వారుతుంది. అక్కడ దిగిన నీళ్లు లోపలి అట్ట వెనకగా జారి ఎక్కడో తేలతాయి.

నెల్లూరు టింకరింగ్ పని: చూరు ఇంటికి ఉంటుంది. దీన్ని గట్టర్ అంటారు. షాపులో చూరు అంటే ఎవరికీ అర్థం కాదు.

కందుకూరు: మా నాన్న లారీ బాడీలు కట్టినవాడు, చూరు అనే అనేవాడు. వాననీళ్లు జారేది చూరు కాక మరేమిటి?

ఒంగోలు: పేరు ఏదైనా సరే. పైపు పట్టి కింద నుంచి పైకి తడుపుతూ రండి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. పైన మొదలుపెడితే అంతా తడిసి ఏమీ తెలియదు. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి. అతుకుల మీద పౌడర్ చల్లితే నీళ్లు జారిన చార కనబడుతుంది.

కావలి బట్టల వ్యాపారి: గట్టర్ దాకా తడిపినా చుక్క రాలేదు. టాప్ మీద పోయగానే వచ్చింది. అట్ట విప్పి చూస్తే క్యారియర్ బోల్టు కొసన చుక్క వేలాడుతోంది.

ఒంగోలు: క్యారియర్ ఉందా? చెప్పనేలేదే!

కావలి బట్టల వ్యాపారి: మూటలు వేసే బండికి క్యారియర్ ఉండదా అన్నా? పోయినేడు రేకుకి కన్నాలు వేసి బిగించారు. వాషర్లు కూడా లేవు.

నెల్లూరు టింకరింగ్ పని: అదీ అసలు సంగతి. బోల్టులు తీసి, కన్నం అంచుల తుప్పు గీకి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టు. బాగా ఆరాక పీయూ పెట్టి రబ్బరు వాషరుతో బిగించు. ఈసారి గట్టర్‌ని పట్టుకునే క్లాంపుల క్యారియర్ వేయించుకో, కన్నాలే అక్కర్లేదు.

కందుకూరు: చూరుకి తుప్పు లేకపోతేనే క్లాంపులు. లేదంటే బరువుకి ఊడొస్తుంది.

కావలి బట్టల వ్యాపారి: రెండు బోల్టులు అయ్యాయి, మబ్బు పట్టింది. మిగతావి రేపు. థ్యాంక్స్ అన్నా.