10 ట్యాబ్‌లు, 20 మంది పిల్లలు: వీడియోలు ఆగిపోకుండా, ఎవరి ప్రగతి వారికి నమోదయ్యేలా ఎలా చేయాలి?

మూడో తరగతి గణితానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో కోలిబ్రి (ఇంటర్నెట్ లేకుండా పాఠాలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి, దాని సొంత వైఫై హాట్‌స్పాట్ మీద 10 ట్యాబ్‌లు నడుపుతున్నాం. ఇంటర్నెట్ లేదు, బ్రౌజర్‌లో ఐపీ చిరునామా, 8080 పోర్టు కొడితే పాఠాలు వస్తాయి. అభ్యాసాలకు ఇబ్బంది లేదు. అందరూ ఒకేసారి వీడియో నొక్కితే మాత్రం సగం ట్యాబ్‌లలో బొమ్మ ఆగిపోతుంది. అప్పుడు ప్రాసెసర్ వాడకం తక్కువే కాబట్టి లోపం వైఫైదే అనుకుంటున్నాను. ఈథర్నెట్ కేబుల్‌తో విడి రౌటర్ తగిలిస్తే సరిపోతుందా, వీడియోల రిజల్యూషన్ కూడా తగ్గించాలా? కొన్ని ట్యాబ్‌లు నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి.

అంతకన్నా నన్ను వేధిస్తున్నది వేరు. ఒక్కో ట్యాబ్ దగ్గర ఇద్దరు పిల్లలు. జవాబులన్నీ లాగిన్ అయిన వారి పేరు మీదే పడతాయి. తీసివేతలో పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రెండో బిడ్డకు వచ్చిందో లేదో నివేదికలో కనపడదు. జంటకు ఒకే ఖాతా ఇస్తే ఇద్దరి సంగతీ తెలియదు. ప్రతి 5 లెక్కలకూ ఖాతా మారిస్తే, పాస్‌వర్డ్ తీసేసినా, 40 నిమిషాల పీరియడ్‌లో చాలా భాగం పేరు వెతుక్కోవడానికే పోతుంది. సగం మందిని పలకల మీద లెక్కలకు కూర్చోబెట్టి మధ్యలో మార్చడం మేలా? ఏడెనిమిదేళ్ల పిల్లలతో ఇది నడిపినవారు వరుస క్రమం, నిమిషాలతో సహా చెప్పండి.