2008 ఆల్టోలో మిస్సింగ్ పోవట్లేదు: తప్పు పెట్రోల్‌దా, మెకానిక్‌దా?

బ్రాడీపేట ఆల్టో: మాది 2008 ఆల్టో, 796 సీసీ. గుంటూరు నుంచి విజయవాడ ఆఫీసుకి రోజూ దాని మీదే. హైవే మీద వంక పెట్టడానికి లేదు. కానీ వారధి దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు) మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండనట్టు ఇంజిన్ తడబడుతుంది, బండంతా వణుకు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కాకే ఈ గొడవ. మూడు నెలల్లో ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్ మార్పించాను, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. 11 వేలు పోయాయి. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నారు. ఏం చేయమంటారు?

కృష్ణాతీరం: ఇది ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) పనే. 2023కి ముందు మన పాత బండ్లకి ఈ బాధ ఉందా? ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. నా బండి మైలేజీ కూడా పడిపోయింది.

పటమట కుర్రాడు: బంకు మార్చి చూడండి అన్నా.

ఆటోనగర్ టూల్‌బాక్స్: 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజమే. కానీ మూడు సిలిండర్లూ తాగేది ఒకే ట్యాంకులో పెట్రోల్. పెట్రోలే బాగోకపోతే మూడూ ఇబ్బంది పడాలి, హైవే మీద కూడా తెలియాలి. ముందు ఏ సిలిండర్ పనిచేయట్లేదో పట్టుకోండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ సాకెట్ తీసి చూడండి. తీయగానే ఇంజిన్ ఇంకా కుంగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. ఏ తేడా రాకపోతే తప్పు అందులోనే ఉంది.

లాడ్జి సెంటర్: మా నాన్నగారు ప్లగ్ వైరే పీకి చూసేవారు.

ఆటోనగర్ టూల్‌బాక్స్: కార్బొరేటర్ బండ్లకి మేమూ అలాగే చేసేవాళ్లం. మీ ఆల్టోలా ఇంజెక్టర్లు ఉన్న ఎంపీఎఫ్ఐ బండికి వద్దండి. మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగను శుభ్రం చేసే భాగం) కాల్చేస్తుంది.

కృష్ణాతీరం: నేను అడిగింది రబ్బరు పైపుల సంగతి. దానికి జవాబు లేదు.

బ్రాడీపేట ఆల్టో: నిన్న సాకెట్లు తీసి చూశాను. రెండో సిలిండర్‌కి తేడా రాలేదు. దానికీ కొత్త ప్లగ్, కొత్త వైరు వేయించాను కదా! ఈ మెకానిక్‌లు అందరూ ఇంతే. బండి దొరికితే చాలు, ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతారు. మూడు నెలలు ఆఫీసులో లేటు ముద్ర నాకు.

ఆటోనగర్ టూల్‌బాక్స్: అందరినీ ఒకే గాటన కట్టకండి. రెండు ప్రశ్నలు అడుగుతాను. బండి ఎప్పుడైనా గ్యాస్ మీద నడిచిందా? మొదటి రోజే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) చెక్ చేస్తామని మీ మెకానిక్ అన్నాడా, లేదా?

బ్రాడీపేట ఆల్టో: మా బావగారి దగ్గర ఉన్నప్పుడు ఎల్‌పీజీ కిట్ ఉండేది, ఐదేళ్లు నడిచింది. నేను తీసుకున్నాక తీసేశాను. ఇక రెండోది. అన్నాడు. పార్టులేమీ మార్చను, చెకింగ్‌కి 600 అవుతుందన్నాడు. ఊరికే చూసినందుకు డబ్బులేంటని నేనే వద్దన్నాను.

ఆటోనగర్ టూల్‌బాక్స్: మాకు కడుపు మండేది ఇక్కడే. గంటసేపు ప్లగ్గులు విప్పి, గేజ్ పెట్టి, జబ్బు ఇదీ అని చెబితే పైసా రాదు. అదే కాయిల్ మారిస్తే కిక్కురుమనకుండా ఇస్తారు. అలాంటప్పుడు మెకానిక్ ఏం నేర్చుకుంటాడు? పార్టు మార్చడమే నేర్చుకుంటాడు.

కృష్ణాతీరం: అయితే నా మాట వినండి. నేను స్కానింగ్‌కి 800 ఇచ్చాను. తప్పు చూపే కోడ్ ఏదీ లేదన్నారు, బండి అలాగే ఉంది. జబ్బు దొరక్కపోయినా డబ్బు కట్టాలా? ఆ 800 ఎవరిస్తారు?

లాడ్జి సెంటర్: ఇది న్యాయమైన ప్రశ్న. దొరికితేనే ఇస్తాను అంటాను నేను.

ఆటోనగర్ టూల్‌బాక్స్: అలా అయితే కష్టమైన బండిని ఎవరూ ముట్టుకోరండి. ఏది బాగుందో తేల్చడం కూడా పనే. స్కానర్ చూసేది సెన్సర్లని, వైరింగ్‌ని. వాల్వ్ (సిలిండర్‌లోకి గాలి వచ్చే, పొగ పోయే దారికి తలుపు) మూసుకుంటోందో లేదో నేరుగా చూడలేదు. బ్రాడీపేట గారూ, కంప్రెషన్ చూపించండి. రెండో సిలిండర్ తక్కువ వస్తే ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోయించి మళ్లీ చూడమనండి. అప్పుడు పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది. గ్యాస్ మీద నడిచిన బండికి వాల్వ్ సీట్లు అరిగి వాల్వ్ పైకి జరుగుతుంది, టాపెట్ గ్యాప్ (వాల్వ్ కాడకీ, దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గిపోతుంది. వేడెక్కితే వాల్వ్ కాడ సాగుతుంది కాబట్టి ఉన్న కాస్త గ్యాప్ కూడా పోయి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఐడ్లింగ్‌లో తెలిసిపోతుంది, స్పీడులో బయటపడదు.

బ్రాడీపేట ఆల్టో: అదే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మూడు సిలిండర్లకి కంప్రెషన్ వరసగా 170, 115, 165 వచ్చింది. ఆయిల్ పోసినా 115 కదల్లేదు. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్‌కి గ్యాప్ అసలు లేదు. సెట్ చేశాడు. 600 ఇచ్చాను, మొదటిసారి వద్దన్నందుకు సారీ కూడా చెప్పాను. నిన్న సాయంత్రం వారధి దగ్గర 20 నిమిషాలు ఇరుక్కున్నాను, వణుకు లేదు.

ఆటోనగర్ టూల్‌బాక్స్: సంతోషం. 5,000 కిలోమీటర్లకి గ్యాప్ మళ్లీ చూపించండి. అప్పటికే మళ్లీ తగ్గిపోతే హెడ్ దించి సీట్లు చేయించాల్సిందే, ఇప్పటి నుంచే డబ్బు పక్కన పెట్టుకోండి.

కృష్ణాతీరం: ఆయన బండి బాగైంది, సరే. నా పైపుల సంగతి ఎవరూ చెప్పలేదు. అన్నట్టు, మా బండి కూడా ఆరేళ్లు గ్యాస్ మీద నడిచింది. ఆ 600 తీసుకునే మెకానిక్ ఎక్కడుంటారు?