225 గీయబోతే 223 వచ్చాయి: నియోజకవర్గాల పటాలు గీసేవారి చర్చ

పటాలపిచ్చి (14 సెప్టెంబరు 2025)

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా రాత్రి భోజనం కాగానే కంప్యూటర్ ముందు కూర్చుని ఆంధ్రప్రదేశ్‌ను 225 ముక్కలు చేస్తున్నాను. చేయమని ఎవరూ అడగలేదు, చేసినా ఎవరికీ పనికిరాదు. మా ఇంట్లో దీనికి 'రాత్రి బడి' అని పేరు పెట్టారు.

విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రకు 175 అసెంబ్లీ స్థానాలు 225 అవుతాయని, తెలంగాణకు 119 కాస్తా 153 అవుతాయని ఉంది కదా. అదే జరిగితే మా ఊరు ఎటు పోతుందో చూద్దామని మొదలుపెట్టాను. నియోజకవర్గాల పునర్విభజనకు వేసిన జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ 2008కి ముందు చేసిన పద్ధతే నాదీ. ముందు జిల్లాలకు సీట్లు పంచాలి, తర్వాత మండలాలు కలుపుకుంటూ పోవాలి, సగటుకు పది శాతం అటూ ఇటూ మించకూడదు. 2011 జనాభా పట్టికలు పాత 13 జిల్లాల వారీగానే ఉన్నాయి కాబట్టి వాటినే తీసుకున్నాను. రాష్ట్ర జనాభా 4,95,77,103. దాన్ని 225తో భాగిస్తే నియోజకవర్గానికి 2,20,343 మంది.

ఒక్కో జిల్లా జనాభాను ఈ సగటుతో భాగించి దగ్గరి అంకె వేశాను. శ్రీకాకుళం 12, విజయనగరం 11, విశాఖ 19, తూర్పు గోదావరి 23, పశ్చిమ గోదావరి 18, కృష్ణా 21, గుంటూరు 22, ప్రకాశం 15, నెల్లూరు 13, కడప 13, కర్నూలు 18, అనంతపురం 19, చిత్తూరు 19. కూడితే 223. రెండు సీట్లు ఎక్కడ పోయాయో తెలియలేదు. మిగిలిన భిన్నాల్లో పెద్దవి విశాఖ (19.47), నెల్లూరు (13.45) కాబట్టి చెరొకటి ఇచ్చేసి గీతలు మొదలుపెట్టాను. ఇది సరైన పద్ధతేనా? మీరెలా చేశారు?

మేడ్చల్‌వాసి

నేను తెలంగాణ 153 రెండుసార్లు గీసి, రెండుసార్లూ చెరిపేశాను. అక్కడ మొత్తం కథ ఒక్క జిల్లాలోనే ఉంది. 2011లో పాత రంగారెడ్డి జిల్లా జనాభా 52.96 లక్షలు, స్థానాలు 14. హైదరాబాద్ జనాభా 39.43 లక్షలే, స్థానాలు 15. కొత్త సగటు 2.29 లక్షల ప్రకారం వేస్తే హైదరాబాద్‌కు 17 వస్తాయి, రంగారెడ్డికి 23! పెరిగే 34 స్థానాల్లో తొమ్మిది ఒక్క జిల్లాకే. శేరిలింగంపల్లిలో 2023 నాటికే ఓటర్లు 7 లక్షలు దాటారు, భద్రాచలంలో లక్షన్నర లోపే. ఇద్దరు ఎమ్మెల్యేలదీ సభలో ఒక్కో ఓటే.

గీయడంలో అసలు నరకం నగరం. పల్లెల్లో మండలం సరిహద్దు కదలదు. నగరంలో జనగణన వార్డులు వేరు, కార్పొరేషన్ డివిజన్లు వేరు. ఒకదాని మీద ఒకటి పెడితే సగం కాలనీలు రెండింటి మధ్య వేలాడుతుంటాయి.

ఒక తమాషా గమనించారా? 25 లోక్‌సభ స్థానాలకు ఏడేసి అంటే 175, 17కు ఏడేసి అంటే 119. కొత్త అంకెల్లో 25 తొమ్మిదులు 225, 17 తొమ్మిదులు 153. చట్టం రాసినవారు జనాభా చూడలేదు, ఎక్కం చూశారు.

పాతకాపు

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. జమ్మూకశ్మీర్‌కు చేసినట్టే మన రెండు రాష్ట్రాలకూ నియోజకవర్గాల పునర్విభజన చేయాలని వేసిన పిటిషన్‌ను మొన్న జులైలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. 26వ సెక్షన్ రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి ఉంది, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వచ్చేదాకా ఆగాల్సిందే. 2027 మార్చి 1 నాటి లెక్క వచ్చాక మీ 2011 అంకెలన్నీ చిత్తుకాగితాలే. ఎందుకీ శ్రమ?

పటాలపిచ్చి

పేకముక్కలతో ఇల్లు కడుతున్నవాణ్ని గృహప్రవేశం ఎప్పుడని అడిగినట్టుంది.

శబరిగట్టు

పటాలపిచ్చి గారూ, మీ పద్ధతి సంగతి తర్వాత. మీరు చెప్పిన 13 జిల్లాల 2011 జనాభాను ఒకసారి కూడి చూడండి. 4,93,86,799 వస్తుంది. మీరు భాగించిన మొత్తం 4,95,77,103. తేడా 1,90,304.

ఆ 1,90,304 మందిలో నేనూ ఉన్నాను. మాది కూనవరం మండలం, శబరి గోదావరిలో కలిసే చోటు. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిపిన మండలాల వాళ్లం. 2011లో జనాభా లెక్క తీసినప్పుడు మేము ఖమ్మం పట్టికలో ఉన్నాం. మీరు రాష్ట్రం మొత్తంలో మమ్మల్ని లెక్కపెట్టారు, ఏ జిల్లాలోనూ వేయలేదు. సగటు పెంచడానికి పనికొచ్చాం, సీటు ఇవ్వడానికి పనికిరాలేదు. మీ పటం బొమ్మ చూశాను. అందులో తూర్పు గోదావరి మారేడుమిల్లి దగ్గరే ఆగిపోయింది.

పటాలపిచ్చి

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదండీ. ఇప్పుడే ఫైలు తెరిచి చూశాను. మండలాల సరిహద్దుల పొర 2014కు ముందుది. రాష్ట్రం అంచును నేను తెలంగాణ గీతతో కోసినప్పుడు మీ మండలాలు అవతలి పక్క ఉండిపోయాయి. రెండు నెలల్లో ఒక్కసారీ నా కంటికి ఆ ఖాళీ కనపడలేదు.

మళ్లీ వేశాను. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, ఎటపాక కలిపితే తూర్పు గోదావరి 52,85,824 అవుతుంది. భాగిస్తే 23.99. అంటే 23 కాదు, 24. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి కలిపితే 18.13, అది 18 దగ్గరే ఉంది. మొత్తం 224. పోయిన రెండు సీట్లలో ఒకటి మీ దగ్గరే ఉందన్నమాట. మిగిలినది ఒక్కటి, అది విశాఖకు.

పెన్నాతీరం

అంటే నిన్న నెల్లూరుకు ఇచ్చిన 14వ సీటు ఈరోజు వెనక్కి తీసుకున్నారా? నేను సూళ్లూరుపేట వైపు గీతలు కూడా ఊహించుకున్నాను! 19.47కీ 13.45కీ ఉన్న తేడా రెండు వందో వంతులు. దీనికి వేరే పద్ధతి ఏదీ లేదా?

డల్లాస్‌బాబాయి

పెన్నాతీరం గారూ, అమెరికా ప్రతినిధుల సభ సీట్లు రాష్ట్రాలకు పంచే పద్ధతి ఒకటుంది. వరుసగా ఉన్న రెండు సీట్ల సంఖ్యల గుణోత్తర మధ్యమంతో (రెండింటినీ గుణించి తీసిన వర్గమూలంతో) జనాభాను భాగించడం. అలా వేసి చూశాను: విశాఖకు 2,20,102, నెల్లూరుకు 2,19,674. విశాఖదే. మీకు సానుభూతి తప్ప ఏమీ ఇవ్వలేను.

నా అనుభవం కూడా చెబుతాను. ఇక్కడ ఇదే పిచ్చి ఉన్నవాళ్లు వేలమంది. డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ అనే ఉచిత సాధనం ఉంది, బ్రౌజర్‌లోనే గీయవచ్చు. టెక్సస్‌లో 38 స్థానాలు, 2020 లెక్క ప్రకారం ఒక్కోదానికి 7,66,987 మంది. కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) స్థానాల్లో ఆ అంకెకు ఒక మనిషి అటో ఇటో అన్నంత సరిగ్గా రావాలి. అందుకోసం వీధి మధ్యలోంచి గీత తీస్తారు. మనకు పది శాతం వెసులుబాటు ఉంది కాబట్టి ఊరిని ఊరుగా ఉంచవచ్చు. ఆ పది శాతాన్ని తక్కువగా చూడకండి.

ఇంకొకటి. ఆ సాధనంలో ప్రతి ముక్కకూ పార్టీల ఓట్లు రంగుల్లో కనిపిస్తాయి. మొదట్లో నేను గుండ్రంగా, అందంగా గీద్దామనే కూర్చున్నాను. నెల తిరిగేసరికి ఒక పార్టీకి ఎన్ని సీట్లు పిండవచ్చో చూస్తున్నాను, ఎప్పుడు మారానో తెలియలేదు. మొన్న ఆగస్టులో ఇక్కడి శాసనసభ జనగణన కూడా లేకుండా మధ్యలోనే కొత్త పటం ఆమోదించింది. ఆ పటం చూసినప్పుడు నా పాత ఫైళ్లు గుర్తొచ్చి సిగ్గేసింది. మీరెవరూ ఫారం 20 బూత్ ఫలితాలను పటం పూర్తయ్యేదాకా తెరవవద్దు.

మేడ్చల్‌వాసి

ఇది నేను ఒప్పుకోను. ఓట్ల పొర చూడకుండా గీస్తే పక్షపాతం ఉండదని ఎవరు చెప్పారు? తెలియకుండా చేసిన అన్యాయం కూడా అన్యాయమే, గీశాకైనా చూసి దిద్దుకోవాలి. అయినా మన ఫారం 20లు సగం చోట్ల వంకరగా స్కాన్ చేసిన కాగితాలు. వాటిని అంకెల్లోకి మార్చేలోపు ఎన్నికలే వచ్చేస్తాయి.

విశ్రాంతతహసీల్

నేను డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసి రిటైరైనవాణ్ని. కుల్‌దీప్ సింగ్ కమిషన్ పని జరిగిన రోజుల్లో మా కార్యాలయం నుంచి ఊళ్ల జాబితాలు పంపాం. కమిషన్‌కు సహాయంగా అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు సహసభ్యులుగా ఉంటారు, వారికి ఓటు ఉండదు. కానీ జనం వచ్చేది మా గుమ్మానికే. 'మా ఊరు అటు వేయకండి' అని కాగితాలు పట్టుకుని వచ్చేవారు. అది మా చేతిలో లేదంటే నమ్మేవారు కాదు.

చివరికి మా మండలాన్ని రెండుగా చీల్చారు. ఉత్తర్వులో మండలం పేరు పక్కన 'పాక్షికం' అని, దాని కింద ఊళ్ల పేర్లు ఉంటాయి చూడండి, ఆ ఒక్క మాటకు మేము పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎన్నికలొస్తే ఒకే కార్యాలయం ఇద్దరు రిటర్నింగ్ అధికారులకు జవాబు చెప్పుకోవాలి. కాబట్టి బాబూ, మండలాన్ని చీల్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. గీత పూర్తయ్యాక దాని మీద బస్సు మార్గాలు వేసి చూడండి. నియోజకవర్గాల పునర్విభజన చట్టం తొమ్మిదో సెక్షన్‌లో 'రవాణా సౌకర్యాలు, ప్రజల సౌలభ్యం' అని ఊరికే రాయలేదు.

అమ్మా శబరిగట్టూ, మీ ప్రాంతం సంగతి మరొకటి. 1959 వరకు భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరిలోనే ఉండేవి. అప్పుడు ఖమ్మానికి ఇచ్చారు, 2014లో కొంత వెనక్కి తెచ్చారు. ఊళ్లు కదలలేదు, దస్త్రాలే నదికి అటూ ఇటూ తిరిగాయి.

శబరిగట్టు

నిజమేనండీ. మా ఇంట్లో 2014లో భద్రాచలం ఎమ్మెల్యేకు, మహబూబాబాద్ ఎంపీకి ఓటు వేశాం. 2019లో అదే బడిలో, అదే గదిలో రంపచోడవరం ఎమ్మెల్యేకు, అరకు ఎంపీకి వేశాం. అరకు లోక్‌సభ ఒకసారి పటం మీద చూడండి. పాలకొండ నుంచి ఎటపాక దాకా, పాత నాలుగు జిల్లాల కొండల మీదుగా.

బస్సు మార్గాల మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఎటపాక వాళ్లకు భద్రాచలం నడిచి వెళ్లే దూరం, నియోజకవర్గ కేంద్రం మాత్రం మారేడుమిల్లి ఘాట్‌కు అవతల. కుక్కునూరు వాళ్లు వాళ్ల నియోజకవర్గ కేంద్రం పోలవరం వెళ్లాలంటే అశ్వారావుపేట మీదుగా తెలంగాణ తొక్కి రావాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా గట్టున ఎవరికి ఎవరు దిక్కో ఏ పటమూ చెప్పలేదు.

పటాలపిచ్చి

నిన్న రాత్రంతా మీ మండలాల మీదే ఉన్నాను. అన్నీ కలిపి ఒకే నియోజకవర్గం చేస్తే ఎలా ఉంటుందని వేశాను. 1,90,304. సగటుకు పది శాతం తక్కువ అంటే కనీసం 1,98,309 ఉండాలి. 8,005 మంది తక్కువ. మారేడుమిల్లి మండలం కలిపితే లోటు తీరుతుంది. చిక్కు ఏమిటంటే కుక్కునూరు, వేలేరుపాడు గోదావరికి అవతలి గట్టు, జిల్లా కూడా వేరు. నియమం ప్రకారం తప్పు, బొమ్మలో మాత్రం చక్కగా ఉంది.

విశ్రాంతతహసీల్

నది దాటే గీతకు వంతెన ఎక్కడుందో ముందు చూడు బాబూ.

మేడ్చల్‌వాసి

భద్రాచలం తెలంగాణ వైపు ముక్క కూడా ఇలాంటిదే. మీ మండలాలు పోయాక మిగిలింది గోదావరి ఒడ్డున సన్నని పట్టీ. అందులో వాజేడు, వెంకటాపురం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి, భద్రాచలం కొత్తగూడెం జిల్లాలో. 33 జిల్లాలను యూనిట్‌గా తీసుకుంటే ఆ పట్టీని కోయాల్సి వస్తుంది, కోస్తే రెండు ముక్కలూ ఎటూ చాలవు. పాత జిల్లాలతో వేస్తే ఒక సమాధానం, కొత్త జిల్లాలతో వేస్తే మరొకటి.

మరచిపోయే ముందు ఒక హెచ్చరిక: 2014కు ముందు ఫైళ్లలో నియోజకవర్గాల సంఖ్యలు సిర్పూర్ 1తో మొదలై కుప్పం 294 దగ్గర ముగుస్తాయి. అందులో ఇచ్ఛాపురం 120. ఇప్పటి జాబితాలో ఇచ్ఛాపురం 1, కుప్పం 175. సంఖ్యలతో రెండు పట్టికలు కలిపితే సిర్పూర్ ఓట్లు ఇచ్ఛాపురంలో పడతాయి. ఒక వారం పాటు నాకు అలాగే పడ్డాయి. ఊళ్లను కూడా పేర్లతో కలపవద్దు, జనగణన కోడ్‌తోనే కలపండి. కొత్తపల్లి అనే పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టడం నేను మానేశాను.

శబరిగట్టు

పటాలపిచ్చి గారూ, ఒకే నియోజకవర్గంగా మమ్మల్ని చూడటం బాగుంది, ఆ బొమ్మ దాచుకున్నాను. కానీ ఆ 1,90,304 ఇప్పుడు లేరు. కుక్కునూరు, వేలేరుపాడు ఊళ్లు కొన్ని జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి పునరావాస కాలనీకి వెళ్లిపోయాయి. మిగిలినవి ఒక్కొక్కటే కదులుతున్నాయి. 2027లో లెక్క తీసేసరికి మీకు తక్కువయ్యేది ఎనిమిది వేలతో ఆగదు.

పటాలపిచ్చి

కాలనీలకు వెళ్లిన ఊళ్ల పేర్లు మీకు తెలిసినంత వరకు రాయగలరా? జనగణన కోడ్‌లు నేను వెతుక్కుంటాను. వాటిని పటంలో వేరే రంగులో పెడతాను, ఇప్పుడున్న చోట ఒక చుక్క, పాత చోట ఒక చుక్క.

శబరిగట్టు

రాస్తాను. ఆదివారం దాకా ఆగండి, మా నాన్నగారిని అడగాలి. కొన్ని ఊళ్ల పేర్లు పట్టికలో ఒకలా, మా నోట ఒకలా ఉంటాయి.

పెన్నాతీరం

ఊళ్లు తాడువాయికి కదిలితే అవి పశ్చిమ గోదావరిలోనే ఉంటాయి కదా, 18.13 మారదు. తూర్పు నుంచి బయటికి వెళ్తేనే 23.99 తగ్గేది. అడుగుతున్నానని ఏమనుకోకండి, నెల్లూరు సీటు కోసం కాదు.