అప్‌డేట్: ఈడేల్‌లో శీతాకాలపు నడక, చీకటి పడేలోపు పబ్‌కు చేరడం

డిసెంబరు చివర్లో ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో మిత్రులతో కిండర్ స్కౌట్ అనే పీఠభూమి ఎక్కి, వెలుతురు ఉండగానే కింద ఉన్న ఈడేల్ పల్లెలోని పబ్‌కు తిరిగి రాగలమా అని అడిగాను. నడక చక్కగా ముగిసింది. సలహాలిచ్చిన వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

అన్నిటికంటే ఉపయోగపడినది, 636 మీటర్ల ఎత్తున్న ఆ పీఠభూమి మీదికి పోకుండా జేకబ్స్ ల్యాడర్ రాతిమెట్ల పైనుంచే వెనుదిరగమన్న సలహా. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం 4 గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. పైన ఉన్న మెత్తని పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి మట్టి) నేలను పొగమంచు కమ్మితే దారి ఆనవాళ్లు దొరకడం కష్టం. మేము మెట్లు ఎక్కేసరికి సరిగ్గా అదే జరిగింది. కొందరు ఇంకొంత దూరం వెళ్దామన్నా, మధ్యాహ్నం 1 గంటకు ఎక్కడున్నా తిరుగుముఖం పట్టాలని ముందే పెట్టుకున్న నియమం వల్ల వాదన పెరగలేదు.

బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు అవసరం కాలేదు. నేల గడ్డకట్టలేదు, అంతా బురదే. చీలమండలు దాటే బూట్లు మాత్రం తప్పనిసరి. కారు ఎవరు నడపాలన్న చింత కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఈడేల్ స్టేషన్ మాంచెస్టర్–షెఫీల్డ్ రైలు మార్గంలోనే ఉంది.

చివరి మజిలీ ఓల్డ్ నాగ్స్ హెడ్. 1965లో ప్రారంభమైన పెన్నైన్ వే అనే సుదూర కాలినడక మార్గం అధికారికంగా మొదలయ్యేది ఆ పబ్ దగ్గరే. పల్లె పబ్బుల్లో వంటగది రోజంతా తెరిచి ఉండకపోవచ్చు కనుక, ముఖ్యంగా శాకాహారులు వెంట ఉంటే, ముందుగా ఫోన్ చేసి వేళలు, వంటకాలు కనుక్కొని బయలుదేరండి.