మూర్ఛ అవగాహన మారథాన్: వచ్చిన విరాళాలు ప్రచారానికా, మందులకా?

నెక్లెస్‌రోడ్‌రన్నర్:
ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో మా మిత్రబృందం మూర్ఛ వ్యాధిపై అవగాహన కోసం 42.195 కిలోమీటర్లు పరుగెత్తి, బంధుమిత్రుల నుంచి విరాళాలు సేకరించాలనుకుంటోంది. ఆ సొమ్మును అవగాహన కార్యక్రమాలకు వెచ్చించాలా, పేద రోగుల మందులకే ఇవ్వాలా అన్న దగ్గర మాలో మాకే పొసగడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఫార్మసీ_గోదావరి:
మందులకే ఇవ్వండి. ఊదారంగు టీషర్టులు, పతకాలు, ఫ్లెక్సీలు వేయించి దాన్నే అవగాహన అనుకోవడం మనకు అలవాటైపోయింది. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేద దేశాల్లో మాత్రం నలుగురిలో ముగ్గురికి ఆ చికిత్సే అందడం లేదు. నెల మొదట్లో పూర్తి స్ట్రిప్పులు కొన్నవారే నెలాఖరుకు నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మని అడగడం మా కౌంటరు దగ్గర రోజూ చూస్తున్నాను. ఈ మందును హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

పంతులమ్మ_ఖమ్మం:
మీ కౌంటరు దాకా వచ్చినవారి సంగతి మీరు చెప్పారు. రానివారి సంగతి నేను చెబుతాను. మా బడిలో ఏడో తరగతి పాప ప్రార్థన వేళ పడిపోతే ఒకరు తాళాల గుత్తి తెచ్చి పిడికిట్లో కుక్కారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టబోయారు. నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టాలని, గడియారం చూస్తూ అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించాలని అక్కడున్న పెద్దవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆ తల్లిదండ్రులు తాయెత్తు కట్టించారు గానీ వైద్యుడికి చూపించలేదు. అడ్డుపడింది డబ్బు కాదు, రేపు పిల్లకు పెళ్లెలా అవుతుందన్న బెంగ. మూర్ఛను సాకుగా చూపి పెళ్లి రద్దు చేయించుకునే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు (చట్టం మారినంత మాత్రాన పెళ్లిచూపులు మారలేదనుకోండి). మాత్రలు ఉచితమన్నా, ఇరుగుపొరుగు చూస్తారన్న భయంతో ఆ ఇంటివారు గడప దాటరు.

ఫార్మసీ_గోదావరి:
అమ్మా, మీరు చెప్పిన ప్రథమ చికిత్స నేర్పడానికి ఒక వైద్యుడు, ఒక పూట చాలు. ఖర్చు లేని పనికి విరాళాలు కేటాయించి, ఖర్చున్న పనిని వదిలేయడం ఏం లెక్క?

పంతులమ్మ_ఖమ్మం:
ఖర్చు ఉందండీ. న్యూరాలజిస్టులు (మెదడు, నరాల వైద్యులు) ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు కాబట్టి ఏజెన్సీ మండలంలో శిబిరం పెట్టాలంటే వాహనం, మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ యంత్రం, దాన్ని నడిపే మనిషి కావాలి. పైగా మన దేశంలో బద్దెపురుగు తిత్తులు మెదడులో చేరి ఫిట్స్ రావడం అరుదేమీ కాదు. అది స్కానింగ్ తీయిస్తే గానీ తేలదు. జబ్బేదో తేలకముందే మాత్రలు పంచి ఏం ప్రయోజనం?

రెండుపూటలమాత్ర:
నాకు మూర్ఛ ఉంది, పరుగెత్తుతాను కూడా. డబ్బు ఎటు వెళ్లాలని ఇంత వాదించుకున్నవారిలో, మీ బృందంలో మూర్ఛ ఉన్నవారు ఎవరైనా ఉన్నారా అని ఒక్కరూ అడగలేదు. మూర్ఛపై పనిచేసే అంతర్జాతీయ వైద్యసంఘమే పరుగును తక్కువ ప్రమాదమున్న ఆటల్లో చేర్చింది. ఫిట్స్ అదుపులో ఉండి, వైద్యుడు సరేనంటే చాలు. అయితే పరుగు వేకువనే మొదలవుతుంది కనుక ముందురోజు పెందలాడే పడుకోవాలి, నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. దారి పొడవునా నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి, మూర్ఛ లేనివారికి కూడా ఫిట్స్ రావచ్చు. నేనైతే బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు పట్టీ) వెనుక మందు పేరు, మోతాదు, ఇంటివారి ఫోన్ నంబరు రాసుకుంటాను, పక్కన తెలిసిన రన్నర్ లేకుండా బయలుదేరను.

ఫార్మసీ_గోదావరి:
ఇది నాకు తట్టలేదు, బాగా అడిగారు. రన్నర్ గారూ, వీరిని మీ బృందంలో చేర్చుకుంటే, సగం సొమ్ము పంతులమ్మ గారు చెప్పిన శిబిరానికి ఇచ్చినా నేను అడ్డు చెప్పను, నా వంతు విరాళమూ పంపుతాను. ఫ్లెక్సీలకు మాత్రం ఒక్క పైసా వెళ్లకూడదు.