కరువు భత్యంలో, కరువు పనిలో ఉన్నది ఒకే కరువా?

ధరలు పెరిగినప్పుడు ఉద్యోగుల జీతానికి కలిపి ఇచ్చే డీఏను తెలుగులో ‘కరువు భత్యం’ అంటాం. అది పాతబడిన మాట అనీ, ఇకపై ‘ధరల భత్యం’ అని రాసుకోవడం మేలనీ మొన్న ఇక్కడ ఒక మిత్రులు సూచించారు. ఒడిశాలో, ఆంధ్ర హద్దున ఉన్న పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నేను ఆ మార్పుకు ఒప్పుకోలేను.

మా ఊళ్లో ఒడియావారు దీన్ని ‘మహంగా భత్తా’ అంటారు. వాళ్ల మాట ధరను చూస్తుంది, మన మాట తిండికి కటకటను చూస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండి ధరలు మండిపోయినప్పుడు ఉద్యోగులకు ఆసరాగా ఈ భత్యం వచ్చింది కనుక, ‘బత్తెం’ అంటేనే రోజువారీ తిండి ఖర్చుకిచ్చేది కనుక, మన పేరే దాని పుట్టుకకు దగ్గరగా ఉంది.

అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఉపాధి హామీ పనిని మా వైపు పల్లెల్లో ‘కరువు పని’ అనే అంటారు. బడిపంతులుగా మా నాన్నగారు అందుకున్న జీతంలోనూ, మా పొరుగింటి పిన్ని మట్టి తవ్వి తెచ్చుకునే కూలిలోనూ ఉన్నది ఆ ఒక్క మాటే. ప్రభుత్వం మాత్రం ఆ కరువును ఇద్దరికీ ఒకే కుంచంతో కొలవలేదు. కేంద్ర ఉద్యోగుల భత్యాన్ని పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని బట్టి జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి సవరిస్తారు. ఉపాధి కూలిని 1986-87 ఆధార సంవత్సరంగా లెక్కగట్టిన వ్యవసాయ కూలీల సూచీని బట్టి ఏడాదికి ఒక్కసారే, అదీ రాష్ట్రానికో రేటుగా సవరిస్తూ వచ్చారు. 2024-25లో ఒడిశా కూలికి రోజుకు 254 రూపాయలైతే, ఆంధ్ర కూలికి 300.

హద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో చెల్లెలి ఇంటికి వెళ్లి ఆ సంగతి విని వచ్చిన రోజున, పిన్ని గునపం గోడకు ఆనించి, “హద్దు దాటితే కరువు మారిపోద్దేటి?” అని అడిగింది. ఆమె నోట కరువంటే వాన లేకపోవడం కాదు, కూలి డబ్బు ఇంటికి చాలకపోవడం. కూలి పనిని ‘ధరల పని’ అని ఎవరూ అనరు. భత్యానికి మాత్రం పేరు మార్చామంటే, పంతులు జీతాన్నీ పిన్ని కూలినీ పక్కపక్కన పెట్టి చూపే మాట మనకు మిగలదు.

సిరొంచ, దెగ్లూరు వైపు తెలుగువారిని ఒకటి అడగాలని ఉంది. మహారాష్ట్రలో ఉపాధి హామీ 1972 కరువు రోజుల్లోనే ఊపందుకుంది కదా, మీ ఇళ్లలో పెద్దలు ఆ పనిని ఏమనేవారు?