ఇంప్రెషన్‌కి తెలుగు: ‘ముద్ర’నా, ‘అనుభూతి’నా?

గోదారిగట్టు: ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన బొమ్మ ‘ఇంప్రెషన్, సూర్యోదయం’కి మా డ్రాయింగ్ మేష్టారు చక్కటి తెలుగు పేరు చెప్పేవారు. ‘పొద్దుపొడుపు’ అన్న తోక గుర్తుంది, తల పోయింది. రెండక్షరాలు, ‘ము’తో మొదలు. ఎవరికైనా తడుతుందా?

పాతసంచిక: ‘ముద్ర’ అయ్యుంటుంది. కానీ అది తప్పు, ‘అనుభూతి’ అనాలి.

అచ్చుతప్పు: అనుభూతి లోపల ఊరేది. ఇది కంటి మీద పడ్డది. 1872, ఫ్రాన్స్‌లో లె హావ్ర్ రేవు, మంచులో క్రేన్లు, పొగగొట్టాలు. ప్రదర్శన కేటలాగుకి పేరడిగితే, దీన్ని లె హావ్ర్ అంటే ఎవరూ ఒప్పుకోరని మోనే ‘ఇంప్రెషన్’ అని రాయమన్నాడు. 1874లో విమర్శకుడు లూయీ లెరువా ఈ బొమ్మ మీద చేసిన వెటకారం గుర్తుందిగా: సగం తయారైన వాల్‌పేపర్ కూడా ఇంతకంటే నయమని. వాల్‌పేపర్ అప్పటికే మిషన్ మీద అచ్చయ్యే సరుకు. ఫ్రెంచిలో ఇంప్రెషన్ అంటే అచ్చు కూడా. కాబట్టి ముద్రే. నా పేరు చూసి పక్షపాతం అనుకోకండి.

రంగులపెట్టె: అసలుది వదిలేశారు. రంగుకి ముందు కొట్టే తొలిపూతనీ ఫ్రెంచిలో ఇంప్రెషనే అంటారు. మన పెయింటర్ల ప్రైమర్ అన్నమాట. ‘పూర్తవని బొమ్మ’ అనే ఎగతాళి ఆ మాటలోనే ఉంది.

పాతసంచిక: అయితే ‘ప్రైమర్ పొద్దుపొడుపు’ అందామా? ఇంప్రెషనిజం అనే ఈ చిత్రకళా ధోరణికి హిందీవాళ్ళు పెట్టిన ‘ప్రభావవాదం’ కన్నా నయమే, అది వింటే మనవాళ్ళు ఎవరి ప్రభావం అంటారు. అనుభూతి అంటే కవి ఇస్మాయిల్ గారండీ. కాకినాడలో ఫిలాసఫీ పాఠాలు చెప్పుకుంటూ, ఓ చెట్టునో పిట్టనో చూసి నాలుగు పాదాల్లో వదిలేసేవారు.

అచ్చుతప్పు: ఇస్మాయిల్ గారంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన చెట్టు దగ్గర ఆగారు, మోనే రైల్వేస్టేషన్లో ఆగాడు. 1877లో పారిస్ సాన్ లజార్ స్టేషన్‌ని డజను సార్లు వేశాడు. గాజు కప్పు కింద ఇంజన్ కంటే ఆవిరే ఎక్కువ. ఆదివారాలు సిటీ జనం అక్కడే రైలెక్కి సెయిన్ నది ఒడ్డుకి, అర్జెంతోయ్‌కి షికారు పోయేవాళ్ళు. ఆ షికారునీ వదల్లేదు. ఇందులో ‘అనుభూతి’ ఎక్కడుంది?

రంగులపెట్టె: మోనే లాంటివాళ్ళు అలా బయట కూర్చుని వేయడానికి రంగు ట్యూబులు కూడా కారణమే. 1841లో జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకునేదాకా, నూరిన రంగుని పంది మూత్రాశయం తిత్తిలో మూటకట్టేవారు. సూదితో పొడిచి పిండితే, మిగిలింది ఎండిపోయేది.

గోదారిగట్టు: అన్నీ బాగున్నాయి గానీ, మా మేష్టారి మాట ‘ముద్ర’ కాదు. ‘ముసురు’ ఏమో.

పాతసంచిక: రెండక్షరాలన్నారు కదా!

అచ్చుతప్పు: పైగా ముసురు వానకి. అక్కడున్నది మంచు. మొదటి అక్షరం ‘ము’ కాదేమో, ‘మం’?

గోదారిగట్టు: అయ్యో, ఇప్పుడు రెండూ ఆయన గొంతుతోనే వినిపిస్తున్నాయి.